వాననీటి తోటలకు ప్రభుత్వ గ్రాంటు: చిన్న కాలనీ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: పల్లపు వీధి

అందరికీ నమస్కారం. మేము అమెరికాలో 180 ఇళ్లున్న ఒక కాలనీలో ఉంటున్నాం. పోయిన ఏడాది నన్ను హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) కమిటీలోకి లాగారు. ఆ రోజు నుంచి నా నెత్తిన ఉన్నది వాననీటి గొడవ ఒక్కటే. మా వీధి పల్లానికి దిగే చివర రోడ్డు పక్కన ఒక ఇనుప జాలీ ఉంది. గంటసేపు గట్టి వాన కురిస్తే ఆ జాలీ నీటిని మింగడం మానేసి పైకి కక్కుతుంది. ఆ నీరు రోడ్డంతా పరుచుకుని రెండు ఇళ్ల గరాజ్ గుమ్మాల దాకా వస్తుంది. ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, భూమిలో ఉన్న పైపు చాలదని, పెద్దది వేయాలని చెప్పారు. ఆయన ఇచ్చిన అంచనా చదివాక కమిటీ సమావేశంలో కాసేపు ఎవరి నోటా మాట రాలేదు.

అప్పుడు ఒక సభ్యురాలు, పైపు జోలికి పోకుండా క్లబ్‌హౌస్ దగ్గర రెయిన్ గార్డెన్లు (వాననీటిని పట్టి ఇంకించే పల్లపు తోటలు), రోడ్డు వెంట బయోస్వేల్స్ (మొక్కలు నాటిన లోతు తక్కువ కాలువలు), పార్కింగ్‌లో నీరింకే పేవర్లు (సందులుండే పరుపు ఇటుకలు) పెట్టుకుంటే ఆ పనికి ప్రభుత్వ గ్రాంట్లు దొరుకుతాయని చెప్పారు. నేను వెతకడం మొదలుపెట్టాను. సెక్షన్ 319 అని ఒకటి, స్టేట్ రివాల్వింగ్ ఫండ్ అని ఒకటి, ఫెమా (దేశ విపత్తు నిర్వహణ సంస్థ) వారిది ఒకటి, ఇవి కాక రాష్ట్రానికీ కౌంటీకీ వేరువేరుగా మరికొన్ని కనిపించాయి. ఏది ఎవరికి వర్తిస్తుందో నాకు అంతుపట్టలేదు. హెచ్‌ఓఏ నేరుగా దరఖాస్తు చేయవచ్చా, మన వాటాగా ఎంత పెట్టాలి, గ్రాంటు వస్తుందన్న నమ్మకంతో ముందే డిజైన్‌కు డబ్బు ఖర్చు చేయవచ్చా అన్నవి నా సందేహాలు. ప్రభుత్వ సొమ్ము ముట్టుకుంటే మన స్థలం మీద మన పెత్తనం పోతుందని ఒక పెద్దాయన గట్టిగా అడ్డుపడుతున్నారు. ఆయన మాటలో ఎంత నిజముందో కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: కాలువ లెక్కలు

పల్లపు వీధి గారికి నమస్కారం. నేను చాలా ఏళ్లుగా వాననీటి డిజైన్ పనిలో ఉన్నాను, కొన్నిసార్లు గ్రాంటు దరఖాస్తులకు మార్కులు వేసే బల్లకు అవతలివైపు కూడా కూర్చున్నాను. మీరు అడిగిన వరసలో కాకుండా, ముందు తేలవలసింది ఏదో దానితో మొదలుపెడతాను.

మీ కాలనీ బాధ ముంపు. మీరు పేర్కొన్న నిధుల్లో మొదటిది పుట్టింది ముంపు కోసం కాదు, కాలుష్యం కోసం. 1987లో క్లీన్ వాటర్ యాక్ట్‌ను సవరించినప్పుడు సెక్షన్ 319 వచ్చింది. పొలాల నుంచి, పచ్చిక బయళ్ల నుంచి, రోడ్ల నుంచి వాననీటితో కొట్టుకొచ్చి వాగుల్లో కలిసే ఎరువులు, నూనెలు, మట్టి వంటివాటిని తగ్గించడం దాని పని. ఆ డబ్బు పర్యావరణ సంస్థ ఈపీఏ నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి స్థానిక ప్రాజెక్టులకు వస్తుంది, అందులో పెద్ద భాగం పరీవాహక ప్రాంతానికి ముందే తయారై ఉన్న ప్రణాళికలోని పనులకే వెళుతుంది. కాబట్టి మీ దరఖాస్తులో గరాజ్‌లోకి నీరు వస్తోందని ఎంత కన్నీళ్లు పెట్టుకుని రాసినా, మీ నీరు చేరే వాగు చెడిపోయిన వాగుల జాబితాలో ఉందా, దాని ప్రణాళికలో మీ ప్రాంతం ఉందా అన్నదే వారు చూస్తారు. అదీకాక, మీ టౌన్‌షిప్‌కు (స్థానిక పాలక సంస్థకు) ఉన్న వాననీటి పర్మిట్ ప్రకారం ఎలాగూ చేసి తీరవలసిన పనికి 319 డబ్బు వాడకూడదన్న నియమం ఉంది. మంచి దరఖాస్తులు ఈ ఒక్క గుమ్మం దగ్గరే తల తగిలి వెనక్కి పోవడం నేను చూశాను.

స్టేట్ రివాల్వింగ్ ఫండ్ సంగతి వేరు. పేరులోనే ఉన్నట్టు అది తిరిగే నిధి, అంటే మూలంలో అది అప్పు. తక్కువ వడ్డీకి ఇస్తారు, వసూలైనది మళ్లీ ఇంకొకరికి ఇస్తారు. 2009 నాటి ఆర్థిక ఉద్దీపన చట్టం ఆ నిధిలో 20 శాతాన్ని హరిత పనులకు కేటాయించమనడంతో రెయిన్ గార్డెన్లకు అక్కడ చోటు దొరికింది. 2021 నాటి మౌలిక వసతుల చట్టం 2022 నుంచి 2026 వరకు అయిదు ఆర్థిక సంవత్సరాలకు సాధారణ కేటాయింపుపై అదనంగా 11.7 బిలియన్ డాలర్లు ఇస్తూ, అందులో 49 శాతాన్ని గ్రాంటుగానో, తిరిగి కట్టనక్కరలేని అప్పుగానో ఇవ్వాలని చెప్పింది. ఆ మాఫీలో సింహభాగం ఆదాయం తక్కువున్న ఊళ్ల కోసం ఉద్దేశించినది. క్లబ్‌హౌస్ ఉన్న కాలనీ ఆ వరసలో ముందు నిలబడడం కష్టమని ఇప్పుడే చెప్పేస్తే మీకు కాలం కలిసివస్తుంది.

ఇంకొకటి, 2018 నాటి నీటి వసతుల చట్టంతో ఊపందుకున్న ఓవర్‌ఫ్లో (మురుగు పైపులు పొంగిపొర్లడం), వాననీటి పునర్వినియోగ గ్రాంటు ఉంది. అర్హమైన దరఖాస్తులు వచ్చినంత మేరకు అందులో 20 శాతం హరిత పనులకు, నీటి పొదుపు, ఇంధన పొదుపు వంటివాటికి పోవాలి. అదీ రాష్ట్రం ద్వారా మునిసిపాలిటీలకు వచ్చేదే. మీ మొదటి సందేహానికి జవాబు ఇక్కడే ఉంది: ఇలాంటి పెద్ద నిధుల్లో హెచ్‌ఓఏ సాధారణంగా తన పేరుతో నిలబడదు. టౌన్‌షిప్‌గానీ, కౌంటీ నేల సంరక్షణ విభాగంగానీ దరఖాస్తుదారుగా ఉంటే, మీరు స్థలమిచ్చి, నిర్వహణకు రాతపూర్వకంగా ఒప్పుకుని భాగస్వాములవుతారు. సంఘాలూ ఇంటి యజమానులూ నేరుగా అడగగలిగేవి ఎక్కువగా స్థానిక పథకాలే. సియాటిల్‌లో రెయిన్‌వైజ్ అనే పథకం కింద అర్హత ఉన్న ప్రాంతాల యజమానులకు రెయిన్ గార్డెన్లకు, నీటి తొట్లకు రిబేటు ఇస్తారు. చెసపీక్ తీరంలో చెసపీక్ బే ట్రస్ట్ నడిపే హరిత వీధుల గ్రాంటు ఉంది. మీ దగ్గర అలాంటిదేమైనా ఉందో లేదో కౌంటీని అడగండి.

ఇక నీటి లెక్క. ఎకరం కప్పు మీదో తారు మీదో ఒక అంగుళం వాన కురిస్తే 27,000 గ్యాలన్లకు పైగా నీరు పారుతుంది. మీ జాలీకి రెండెకరాల కప్పులు, రోడ్డు నీరు చేరుతోందనుకుంటే 54,000 గ్యాలన్లు. వెయ్యి చదరపు అడుగుల రెయిన్ గార్డెన్ పైన ఆరంగుళాల లోతు నీరు నిలిస్తే పట్టేది 3,740 గ్యాలన్లు. అడుగున మట్టిలోని ఖాళీలను లెక్కలో కలిపినా, ఒక్క తోటతో మీ గరాజ్ గుమ్మం ఆరదు. ఈ తోటలు తరచుగా పడే చిన్న వానల కోసం, వానలో మొదటి అంగుళం కోసం పుట్టినవి. గంటలో కుండపోతగా కురిసేదానికి పైపో, నీటిని కాసేపు ఆపే చెరువో తోడు ఉండాలి. పైపుకు బదులు తోట అని దరఖాస్తులో రాయకండి. పైపు మీద భారం ఎంత తగ్గుతుందో అంకెతో రాయండి.

ఆ అంకెకు ముందు ఒక పని ఉంది, దానికి గ్రాంటు అక్కరలేదు. తోట పెట్టాలనుకున్న చోట రెండడుగుల లోతున గొయ్యి తవ్వి, నీటితో నింపి, ఒకసారి పూర్తిగా ఇంకనివ్వండి. మళ్లీ నింపి ఒక కర్రకు గీతలు పెట్టుకుని గంట గంటకు ఎంత దిగిందో రాసుకోండి. గంటకు అరంగుళం కూడా దిగకపోతే అడుగున చిల్లుల పైపు వేయక తప్పదు, ఖర్చు పెరుగుతుంది. నీరు మూడు రోజులకు మించి నిలిచే తోటను ఏ మాన్యువలూ ఒప్పుకోదు, దోమలు మాత్రం ఒప్పుకుంటాయి. తవ్వే ముందు 811కు ఫోన్ చేసి భూమిలోని తీగలు, గ్యాస్ పైపులు గుర్తు పెట్టించుకోవడం మరవకండి.

జవాబు: పార నా చేతిలోనే

పై జవాబులో లెక్కలన్నీ ఉన్నాయి కాబట్టి, గ్రాంటు వచ్చిన తరవాత ఏమవుతుందో నేను చెబుతాను. కొన్నేళ్ల కిందట మా టౌన్‌షిప్‌కు రెండు బయోస్వేల్స్ కోసం గ్రాంటు వచ్చింది, వాలంటీర్లలో నేనూ ఉన్నాను. డ్రాయింగులు చూస్తే ముచ్చటేసింది. తవ్వి సిద్ధం చేసిన మొదటి మొక్కల మడి మీద కాంట్రాక్టరు మనుషులు మట్టి లారీని రెండు రోజులు నిలిపారు. వదులుగా, గాలి ఆడుతూ ఉండవలసిన నేల రోడ్డులా గట్టిపడిపోయింది. పైన నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలు నాటాం, ఫొటోలు తీసుకున్నాం, రిబ్బను కత్తిరించాం. మొదటి వానకు అది స్వేల్ కాదు, తొట్టి అయింది.

రెండోదానిది ఇంకో కథ. రోడ్డు నీరు లోపలికి రావడానికి కర్బ్‌ను (రోడ్డు అంచు గట్టును) జానెడు వెడల్పున కోసి దారి పెట్టారు. శరదృతువులో ఆ దారికి ఆకులు అడ్డుపడి, వాటి మీద ఇసుక పేరుకుని, చిన్న కట్ట కట్టినట్టయింది. వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని వెళ్లి చూశాను: నీరు ఆ దారి ముందు నుంచే గడప తొక్కకుండా పోయే చుట్టంలా దాటుకుని, నేరుగా కింది జాలీలోకి పోతోంది. పారతో రెండు నిమిషాలు గీకితే దారి తెరుచుకుంది. ఆ రెండు నిమిషాల పని ఎవరిదన్న ప్రశ్నకు గ్రాంటు ఒప్పందంలో జవాబు లేదు. వేసవిలో గడ్డి కోసే గుత్తేదారు మనుషులు అవి పిచ్చి మొక్కలనుకుని నడుం ఎత్తు పెరిగిన వాటినన్నింటినీ సమంగా కోసేశారు. వారికి ఎవరూ చెప్పలేదు, అక్కడ బోర్డూ లేదు.

చాలా గ్రాంట్లు కట్టడానికి ఇస్తాయి, కాపాడడానికి ఇవ్వవు. మీరు హెచ్‌ఓఏ కాబట్టి ఈ విషయంలో టౌన్‌షిప్ కంటే మీకే వెసులుబాటు ఎక్కువ: నెలనెలా వసూలు చేసే రుసుములోంచి ఏటా ఇంత అని నిర్వహణ పద్దు పెట్టి తీర్మానం చేయవచ్చు, తోటమాలి కాంట్రాక్టులోనే ఏ నెల ఏ పని అన్నది రాయించవచ్చు. పేవర్లు వేస్తే సందుల్లోని ఇసుక, ఆకుల పొడి లాగేసే వ్యాక్యూమ్ యంత్రంతో ఏడాదికి కనీసం ఒకటి రెండుసార్లు శుభ్రం చేయించాలి, లేకపోతే కొన్నాళ్లకు అవి మామూలు కాంక్రీటుతో సమానం. ఈ పద్దు తీర్మానం నకలును దరఖాస్తుకు జతచేయండి. అది చూసి పరిశీలకులు మిమ్మల్ని నమ్ముతారు.

మీ పెద్దాయన మాట పూర్తిగా కొట్టివేయదగ్గది కాదు. ఫిలడెల్ఫియాను చూడండి. అక్కడ ఊరిలో సుమారు 60 శాతం ప్రాంతంలో మురుగూ వాననీరూ ఒకే పైపులో పోతాయి, గట్టి వానకు ఆ కలిసిన నీరు నదుల్లోకి పొంగుతుంది. 2011లో వారు 25 ఏళ్ల పథకం మొదలుపెట్టి, ఒక ఎకరం గట్టి నేల మీద పడిన మొదటి అంగుళం వానను పట్టుకుంటే దాన్ని ఒక హరిత ఎకరంగా లెక్కగట్టారు. ఊరి స్థలం ఒక్కటే చాలదు కాబట్టి ప్రైవేటు యజమానులకూ గ్రాంట్లిస్తున్నారు. దానికి బదులుగా ఆ తోటనో పేవర్లనో దీర్ఘకాలం పనిచేసే స్థితిలో ఉంచుతామని ఒప్పందం రాసివ్వాలి, తనిఖీకి వచ్చేవారిని రానివ్వాలి. అంటే స్థలం మీదే, కానీ రేపు ఆ తోటను పూడ్చి టెన్నిస్ కోర్టు కడతామంటే కుదరదు. అక్కడ ఇంకొక లాభం ఉంది: నీటి బిల్లులో వాననీటి రుసుమును గట్టి నేల విస్తీర్ణాన్ని బట్టి వేస్తారు కాబట్టి, నీటిని పట్టుకున్నవారికి ఆ రుసుము తగ్గుతుంది. మీ దగ్గర వాననీటి రుసుము ఉంటే తగ్గింపు ఇస్తారేమో కనుక్కోండి. గ్రాంటు ఒక్కసారి వస్తుంది, తగ్గింపు ఏటా వస్తుంది.

జవాబు: వోచర్ల పెట్టె

నేను ఇంజనీరును కాను, లాభాపేక్షలేని ఒక సంస్థకు గ్రాంటు లెక్కలు రాస్తాను. గ్రాంటు రాకముందే డిజైన్‌కు ఖర్చు చేయవచ్చా అని అడిగారు. చేయవచ్చు, కానీ అది తిరిగి వస్తుందని అనుకోకండి. ఫెడరల్ డబ్బు విషయంలో, మంజూరు ఉత్తర్వు రాకముందు పెట్టిన ఖర్చును ముందస్తు అనుమతి లేకుండా గ్రాంటులో చూపడం సాధారణంగా కుదరదు. అందుకే మొదటిసారి అడిగేవారు నిర్మాణానికి కాక, డిజైన్‌కూ ప్రణాళికకూ ఇచ్చే చిన్న గ్రాంటు అడగడం మేలని నా అభిప్రాయం. చేతిలో డ్రాయింగులున్న దరఖాస్తుకూ, ఆలోచన మాత్రమే ఉన్న దరఖాస్తుకూ తేడా చాలా ఉంటుంది.

గ్రాంటు అనగానే బ్యాంకులో ముందే డబ్బు పడుతుందనుకుంటారు. ఎక్కువ పథకాల్లో జరిగేది రీయింబర్స్‌మెంట్: మీరు కాంట్రాక్టరుకు చెల్లించి, బిల్లులూ చెల్లించిన రుజువులూ పంపితే, వారు పరిశీలించి తరవాత ఇస్తారు. ఆ మధ్యకాలంలో డబ్బు మీ రిజర్వు నిధి నుంచో, బ్యాంకు అప్పు నుంచో రావాలి. రిజర్వు నిధిని పైకప్పుల కోసం దాచుకున్న కాలనీలకు ఇక్కడ ఊపిరాడదు. కాబట్టి దరఖాస్తు రాయకముందే మూడు నాలుగు నెలల బిల్లులను మోయగలరా అన్నది కోశాధికారితో కూర్చుని తేల్చుకోండి.

మీరు పెట్టవలసిన వాటా (మ్యాచింగ్) పథకాన్ని బట్టి మారుతుంది. ఒక ఫెడరల్ గ్రాంటు డబ్బును ఇంకొక ఫెడరల్ గ్రాంటుకు వాటాగా చూపడం, చట్టం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, కుదరదు. వాలంటీర్ల శ్రమను వాటాగా ఒప్పుకునే పథకాలు చాలా ఉన్నాయి, కానీ ఎవరు ఏ రోజు ఎన్ని గంటలు ఏ పని చేశారో సంతకంతో కాగితం ఉండాలి. నేను చూసిన ఒక ప్రాజెక్టులో శనివారం నాటిన మొక్కల తాలూకు సంతకాల కాగితం ఎవరి కారులోనో తడిసి పాడైంది, ముప్పై మంది రోజంతా చేసిన పని లెక్కలో సున్నా అయింది. అప్పటి నుంచి సంతకాలు పూర్తి కాగానే అక్కడికక్కడే ఫొటో తీసుకునే అలవాటు చేసుకున్నాను.

ఫెడరల్ గ్రాంటు నేరుగా అడిగే సంస్థకు శామ్ అనే ప్రభుత్వ జాబితాలో నమోదు ఉండాలి, 2022 ఏప్రిల్ నుంచి సంస్థ గుర్తింపుకు పాత డన్స్ నంబరు స్థానంలో అక్కడిచ్చే యూఈఐ నంబరే చెల్లుతుంది. ఆ నమోదుకు వారాలు పట్టవచ్చు కాబట్టి గడువుకు రెండు రోజుల ముందు మొదలుపెట్టకూడదు. ఏడాదిలో ఫెడరల్ ఖర్చు 10 లక్షల డాలర్లు దాటితే ప్రత్యేక ఆడిట్ చేయించాలి. ఈ హద్దు అంతకుముందు 7,50,000 డాలర్లుగా ఉండేది, 2024 అక్టోబరు నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు పెంచారు. మీ స్థాయి పనికి అది తగలకపోవచ్చు. కానీ ఇనుము, ఉక్కు వంటి సామగ్రి అమెరికాలో తయారైనదే వాడాలన్న నియమం తగులుతుంది, కాంట్రాక్టరు కొటేషన్ అడిగేటప్పుడే ఆ మాట చెప్పండి.

ఫెమా గురించి అడిగారు కాబట్టి ఒక హెచ్చరిక. విపత్తులకు ముందే జాగ్రత్తపడే పనులకు ఇచ్చే బ్రిక్ అనే పథకాన్ని 2025 ఏప్రిల్‌లో ఆపేస్తున్నట్టు ఫెమా ప్రకటించింది, రాష్ట్రాలు దాని మీద కోర్టుకెక్కాయి. ఎంపికైన ప్రాజెక్టుల వాళ్లు కూడా గాల్లో వేలాడారు. ఒక్క పథకం మీద కాలనీ ఆశలన్నీ పెట్టవద్దని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకదు. పనిని ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్క తనంతట తాను ఉపయోగపడేటట్టు చూసుకోండి.

పల్లపు వీధి

అందరికీ ధన్యవాదాలు. ఇన్ని వివరాలు వస్తాయని అనుకోలేదు. రెండు వారాలు పట్టింది కానీ గోతులు తవ్వాం. 811 వాళ్లు వచ్చి గడ్డి మీద పసుపు, నారింజ రంగు గీతలు గీసి వెళితే, జాలీ దగ్గర మేమనుకున్న చోటు మధ్యలోంచే గ్యాస్ పైపు పోతోందని తెలిసింది. ఇంకాస్త పక్కకు జరిగి తవ్వాం. అడుగున్నర లోతు తరవాత పారకు బూడిదరంగు బంకమట్టి అంటుకుని రాలేదు. సాయంత్రం నింపిన నీరు తెల్లవారేసరికి నాలుగంగుళాలే దిగింది. పైన, క్లబ్‌హౌస్ వెనక తవ్విన గొయ్యిలో మాత్రం రెండోసారి పోసిన నీరు గంటకు దాదాపు రెండంగుళాల చొప్పున దిగింది. మా కోశాధికారి స్టూలు వేసుకుని కూర్చుని కర్ర మీది గీతలు చదివారు. అడ్డుపడిన పెద్దాయన ఆమె చెప్పిన అంకెలన్నీ రాసుకున్నారు.

టౌన్‌షిప్ ఇంజనీరింగ్ కార్యాలయానికి వెళితే ఇంకొకటి తెలిసింది. ఆ జాలీ, దాని కింది పైపు కాలనీవి కావు, టౌన్‌షిప్‌వి. మాకు అంచనా ఇచ్చిన కాంట్రాక్టరు ఆ మాట చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇప్పుడు పైపు దగ్గర కాకుండా పైన క్లబ్‌హౌస్ కప్పు, పార్కింగ్ నీటిని అక్కడే పట్టుకోవడం గురించి ఆలోచిస్తున్నాం. ఈ దిశ సరైనదేనా?

కాలువ లెక్కలు

సరైనదే. నీరు ఇంకే చోట పట్టుకోవాలి, ఇంకని పల్లంలో కాదు. మీరు రాసుకున్న గీతలను ఇంజనీరు చేత పద్ధతి ప్రకారం ఇంకొకసారి పరీక్షించి నివేదిక తీసుకోండి, ఎందుకంటే దరఖాస్తులో స్టూలు మీద కూర్చుని చదివిన అంకె చెల్లదు. తోట క్లబ్‌హౌస్ పునాదికి కనీసం పదడుగుల దూరంలో ఉండాలి. పైపు టౌన్‌షిప్‌ది కాబట్టి దాని సామర్థ్యం లెక్కలు వారి దగ్గర ఉండాలి, రాతపూర్వకంగా అడగండి. మీ నీరు పైన ఆగితే వారి పైపు మీద భారం తగ్గుతుంది. దరఖాస్తుదారుగా టౌన్‌షిప్ ముందుకు రావడానికి మీ చేతిలో ఉన్న బలమైన కారణం అదే, వారి సమావేశంలో మొదట ఆ కాగితమే పెట్టండి.

పల్లపు వీధి

వచ్చే నెల వారి సమావేశం ఉంది. పెద్దాయన తానే మాట్లాడతానంటున్నారు.